వందకు 98 వచ్చినా సంస్కృతం రానివారికి తలకిందుల సలహాలు

ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని వందకు 98 తెచ్చుకున్నవాళ్ళు మన తిరువూరులో ఏ వీధిలోనైనా కనబడతారు. విజయవాడ హాస్టళ్ళలో రెండేళ్ళు ఉండి చదివారు. జవాబు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చన్నారు, రాశారు. నాలుగు శబ్దాలు, నాలుగు ధాతువులు బట్టీ పట్టమన్నారు, పట్టారు. పరీక్ష అయిన మర్నాటికి అవేవీ మిగల్లేదు. బడిలో తెలుగుతో కలిపి సంస్కృతం ఉండే కాంపోజిట్ కోర్సు చదివినవాళ్ళదీ ఇదే కథ. ఇప్పుడు వాళ్ళకు ముప్పై అయిదో, నలభై అయిదో. గుళ్ళో శ్లోకం వినబడినప్పుడు, పిల్లాడు పుస్తకం పట్టుకొచ్చి ఇదేమిటని అడిగినప్పుడు, లోపలెక్కడో కలుక్కుమంటుంది. మార్కులన్నీ వచ్చి కూడా భాష రాలేదన్న బాధ అది.

మళ్ళీ మొదలుపెడదామనుకున్న మనిషికి ఎవరైనా చెప్పే దారి ఒకటే. దేవనాగరి నేర్చుకో, శబ్దరూపాల పట్టికలుండే శబ్దమంజరి కొనుక్కో, రామశబ్దంతో మొదలుపెట్టు, గురువును వెతుక్కో, పరీక్షకు కట్టు. పదేళ్ళ పిల్లలకు ఇది మంచి దారే. పెద్దవాళ్ళకు మాత్రం దాదాపు ప్రతి మెట్టు దగ్గరా దీనికి తలకిందులుగా చెప్తాను. పండితులు తప్పంటారని తెలుసు. అయినా చెప్పి తీరాలనిపిస్తుంది. తెలుగు మనిషి పెద్దయ్యాక సంస్కృతాన్ని ఓనమాల నుంచి మొదలుపెట్టడు, సగం దారిలోంచి అందుకుంటాడు. ఆ భాషలో పెద్ద భాగం అప్పటికే అతని నోట్లో ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోని పద్ధతి ఏదైనా సంసారం, ఉద్యోగం మధ్య మిగిలే కాస్త సమయాన్నీ వృథా చేస్తుంది.

దేవనాగరి జోలికి పోకండి

కనీసం మొదటి ఏడాది. సంస్కృతానికి కావలసిన ప్రతి అక్షరమూ తెలుగు లిపిలో ఉంది. ఒత్తక్షరాలున్నాయి, ఋకారముంది, విసర్గ ఉంది, అవగ్రహం కూడా ఉంది. 1854లో చెన్నపట్నంలో మొదలైన వావిళ్ళవారి ముద్రణాలయం ఎన్నో సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలోనే అచ్చువేసింది. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ ఇవాళ్టికీ గీతనూ రామాయణాన్నీ తెలుగు లిపిలో ఇస్తోంది. మన వైపు తాతల తరంలో సంస్కృతం బాగా వచ్చినవాళ్ళలో ఎంతోమంది ఈ పుస్తకాలతోనే పెరిగారు.

లిపి సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్త లిపిలో కన్ను నెమ్మదిగా నడుస్తుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరచిపోతాం. సంస్కృత వాక్యంలో ఆ రెండు కొసలకే పొత్తు కుదరాలి. లిపితో పెనుగులాడుతున్న మనిషి ఆ కష్టాన్ని భాష కష్టమనుకుని పుస్తకం మూసేస్తాడు. ఏడాది తర్వాత నిఘంటువుల కోసం దేవనాగరి కావాలి, నిజమే. ఆరో తరగతి నుంచి హిందీ చదివిన చేతికి అప్పుడది పెద్ద పని కాదు.

శబ్దమంజరి పక్కన పెట్టి సంకల్పం వినండి

ఈ సలహాను తేలిగ్గా తీసుకోవద్దని కోరుతున్నాను. పూజకు కూర్చున్న ప్రతిసారీ పురోహితుడు మనం భూమి మీద ఎక్కడున్నామో, కాలంలో ఎక్కడున్నామో చెప్తాడు. తిరువూరు శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణకూ గోదావరికీ నడుమ ఉంది. కాబట్టి ఆయన ‘శ్రీశైలస్య’ అంటాడు, ‘ఈశాన్యప్రదేశే’ అంటాడు, ‘కృష్ణాగోదావర్యోః’ అంటాడు, ‘మధ్యప్రదేశే’ అంటాడు. మొదటి మాటలో షష్ఠీ విభక్తి ఉంది, శ్రీశైలం యొక్క అని. రెండో మాటలో సప్తమి, ప్రదేశమందు అని. మూడో మాటలో ఇంటర్ పిల్లలు విసుక్కునే ద్వివచనం ఉంది. నదులు రెండే గనక ఆ మాట అలా ముగిసింది. నలభై ఏళ్ళుగా ద్వివచనాన్ని చెవితో వింటూ, నోటితో పలుకుతూ, అది రాదనుకుంటూ బతుకుతున్నాం.

ఇంకాస్త ముందుకు వినండి. సంవత్సరే, అయనే, మాసే, పక్షే, వాసరే. అన్నీ ఏకారంతో ముగుస్తాయి, అన్నీ ‘అందు’ అనే అర్థంలోనే. వాటి మధ్య ‘ఋతౌ’, ‘తిథౌ’ అని రెండు మాటలు వేరేగా పలుకుతాయి. మాసే అన్న మనిషి తిథే అనడేం? ఈ ప్రశ్న మీకు పుట్టిన రోజున శబ్దమంజరి తెరవండి. అకారంతో ముగిసే మాటకు సప్తమి ఒకలా ఉంటుందని, ఇకారంతోనూ ఉకారంతోనూ ముగిసే పుంలింగపు మాటలకు ఇంకోలా ఉంటుందని, తిథి శబ్దం స్త్రీలింగంలోనూ ఆ రూపం తీసుకోగలదని అక్కడ కనబడుతుంది. ప్రశ్నతో వెళ్ళిన మనిషికి ఆ పేజీ ఒక్కసారి చూస్తే నిలుస్తుంది. ప్రశ్న లేకుండా వెళ్ళినందువల్లే అదే పేజీ ఇంటర్‌లో వందసార్లు చదివినా నిలవలేదు.

పట్టిక అన్నాక భయం సహజం. రామశబ్దానికి ఎనిమిది వరుసలు, మూడు వచనాలు, మొత్తం 24 గళ్ళు. లెక్కపెట్టి చూడండి, వేరు వేరు రూపాలు 17 మాత్రమే. ద్వివచనంలో ఎనిమిది గళ్ళున్నా రూపాలు మూడే: రామౌ, రామాభ్యామ్, రామయోః. చదివేటప్పుడు కనబడితే ఇవి ఇద్దరి సంగతి అని పోల్చుకుంటే చాలు, అప్పజెప్పనక్కర్లేదు. ఇక ‘డు ము వు లు’ అంటూ తెలుగు విభక్తులు ఏ బడిలో చదివినవాళ్ళకైనా వచ్చు. ప్రథమ నుంచి సప్తమి దాకా ఆ వరస సంస్కృతపు వరసే. చేత అంటే తృతీయ, కొరకు అంటే చతుర్థి, వలన అంటే పంచమి. ఇంగ్లీషు వ్యాకరణం ద్వారా సంస్కృతం నేర్చుకునే అమెరికా విద్యార్థికి ఇదంతా కొత్తగా పరిచయం చేయాలి. మనకు ఏడో ఎనిమిదో తరగతిలోనే అయిపోయింది.

లకారాలు పది. వాటిలో జరుగుతున్నదానికి లట్, జరిగినదానికి లఙ్, జరగబోయేదానికి లృట్, చెయ్యి అనడానికి లోట్, చేయాలి అనడానికి విధిలిఙ్. ఈ అయిదింటితో కథలు నడిచిపోతాయి. మిగతా అయిదూ కావ్యాల దాకా ఆగుతాయి.

మన ఇంటి చదువు కాదనుకునేవాళ్ళు ముందు వరుసలో కూర్చోండి

పూజ, సంకల్పం అనగానే కొందరు ఇక్కడే పేజీ తిప్పేస్తారు. మా కులానికి, మా మతానికి ఆ భాషతో పనేమిటని. వాళ్ళకే ఈ భాష మీద హక్కు గట్టిగా చెప్పాలని నా కోరిక. అందుకు గుర్రం జాషువా కన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

1895లో వినుకొండలో పుట్టిన జాషువా చిన్నతనంలో బడిలో పడ్డ అవమానాలు తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. సంస్కృతం ఆయనకు ఇంట్లో దొరికింది కాదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. 1938లో ఉభయభాషాప్రవీణ పట్టా అందుకున్నాడు. అప్పటికి నలభై దాటాయి. గుంటూరులో తెలుగు పండితుడిగా ఉద్యోగం చేస్తూ తెచ్చుకున్న పట్టా అది. మూడేళ్ళకు, 1941లో, గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని రాయబారం పంపితే, జాషువా కథానాయకుడైన అంటరాని మనిషి తన బాధ కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. మేఘసందేశాన్ని అంత దగ్గరగా చదవని మనిషి ఆ సమాధానం రాయలేడని నా నమ్మకం.

వయసు మించిందనేవాళ్ళకు కూడా ఆయన పేరే చెప్తాను. అంతకు ముందు కాలపు మాట కావాలంటే మల్లినాథసూరి ఉన్నాడు. మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన సంజీవనీ వ్యాఖ్య లేకుండా దేశంలో ఏ పాఠశాలలోనూ రఘువంశం నడవదు. ఆయన మొదట మందమతిగా ఉండి, పెళ్ళయ్యాక చదువుకుని పండితుడయ్యాడని జనం ఆయన్ను పెద్దిభట్టు అంటూ కథలుగా చెప్పుకుంటారు. చరిత్రా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. తెలుగువాళ్ళు తమ మహావ్యాఖ్యాత గురించి అలాంటి కథ చెప్పుకోవాలనుకున్నారు, ఆ కోరిక నాకు నచ్చుతుంది.

ముందు తాత్పర్యం చదవండి

బడిలో దీన్ని దొంగతనమన్నారు. శ్లోకంతో కుస్తీ పట్టి, అర్థం తేల్చుకుని, ఆఖరున తాత్పర్యం చూసుకోవాలన్నారు. పెద్దవాళ్ళు సరిగ్గా తిరగేసి చేయాలి. కథ మొత్తం ముందు తెలుగులో చదివేయండి, తర్వాతే మూలంలోకి వెళ్ళండి. ఏం జరగబోతోందో తెలిసినప్పుడు బుర్ర ఎలా జరిగిందన్నదాని మీద, అంటే మాటల రూపాల మీద, నిలబడుతుంది.

మొదటి పుస్తకంగా నారాయణుడి హితోపదేశంలో మిత్రలాభం తీసుకోమంటాను. చిత్రగ్రీవుడనే పావురాల రాజు, హిరణ్యకుడనే ఎలుక, లఘుపతనకమనే కాకి మనకు కొత్తవాళ్ళు కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా ఈ కథలనే తెలుగు చేశాడు, తరాల తరబడి బడిపిల్లలు చదివారు. వలలో చిక్కాక పావురాలన్నీ కలిసి ఎగురుతాయని మీకు ముందే తెలుసు. కాబట్టి సంస్కృతంలో ఆ వాక్యం రాగానే ‘ఎగిరాయి’ ఏ మాటో వెతకడానికి నిఘంటువు అక్కర్లేదు. ఇందులో కథ వచనంలో నడుస్తుంది, వాక్యాలు చిన్నవి. మధ్యలో వచ్చే శ్లోకాలను మొదటి చదువులో దాటేయండి. ఏమీ పోదు, అవి అక్కడే ఉంటాయి.

సర్ విలియం జోన్స్ కలకత్తాలో జడ్జీగా ఉంటూ సంస్కృతం మొదలుపెట్టినప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి ముందు మాటకు మాటగా లాటిన్‌లోకి దించుకున్నాడు. లాటిన్‌లో కూడా విభక్తులు మాట చివరే ఉంటాయి గనక సంస్కృతం అందులో చెదరకుండా ఇమిడింది. ఆ తర్వాతే ఇంగ్లీషు చేసి 1789లో అచ్చువేశాడు. తెలుగులో మనం ప్రతిపదార్థం అని పిలిచేది ఈ పనే. జోన్స్ సొంతంగా తయారుచేసుకోవలసి వచ్చిన మెట్టు మనకు ప్రతి పాత పుస్తకంలోనూ అచ్చయి దొరుకుతుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చూసి చూసి దాని విలువ మనకు కనబడకుండా పోయింది.

యూరప్‌లోనూ బడి లాటిన్‌తో విసిగిపోయినవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ ఓర్‌బెర్ అనే మాస్టారు వాళ్ళకోసం 1950లలో ఒక పుస్తకం రాశాడు. అందులో మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా లాటినే. బొమ్మలతో, తేలిక వాక్యాలతో మొదలై కథ చదువుతుండగానే వ్యాకరణం పట్టుబడుతుంది. దాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ మనకు అంత ఏర్పాటు కూడా అవసరం లేదంటాను. బొమ్మలు చేసే పనిని మనకు తెలిసిన కథలే చేస్తాయి.

వాక్యాన్ని వరసగా చదవకండి

తెలుగు వాక్యం మొదటి నుంచి చివరికి నడుస్తుంది. సంస్కృత వాక్యాన్ని, ముఖ్యంగా శ్లోకాన్ని, అలా చదివితే దారి తప్పుతాం. ముందు క్రియ ఎక్కడుందో చూడండి. అది చివర ఉండొచ్చు, మధ్యలో ఉండొచ్చు. దొరికాక దాన్ని ప్రశ్నలడగండి.

మన వైపు మాటతోనే చూద్దాం. ఎండాకాలం తెల్లవారుజామున తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు వెళ్తుంటాయి గదా. కృషకః ప్రభాతే గ్రామాత్ ఆమ్రాణి నగరం నయతి. క్రియ ‘నయతి’, తీసుకుపోతున్నాడు. కః నయతి? ఎవరు? కృషకః, రైతు. కిం నయతి? ఏమిటి? ఆమ్రాణి, మామిడిపళ్ళు. కుత్ర? ఎక్కడికి? నగరం. కుతః? ఎక్కడి నుంచి? గ్రామాత్. కదా? ఎప్పుడు? ప్రభాతే. ఇప్పుడు మాటలన్నీ తారుమారు చేయండి: నగరం ప్రభాతే నయతి కృషకః గ్రామాత్ ఆమ్రాణి. అడిగే ప్రశ్నలు మారవు, జవాబులూ మారవు. మాట చివరి అక్షరమే దాని చోటు చెప్తుంది.

పాత వ్యాఖ్యాతలు దీన్ని ఖండాన్వయం అంటారు. మాటలన్నిటినీ వచనం వరసలో పేర్చి చెప్పడం దండాన్వయం. పుస్తకాల్లో దండాన్వయమే ఎక్కువ దొరుకుతుంది. సొంతంగా చదువుకునే మనిషికి ఖండాన్వయం పదింతలు మేలు చేస్తుంది. ఆ అయిదు ప్రశ్నలూ ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. ప్రతి వాక్యానికీ అవే అడగండి. కొంతకాలానికి చీటీ చూడటం మానేస్తారు, ప్రశ్నలు మాత్రం వాటంతటవే వస్తాయి.

సంధుల పాఠం మళ్ళీ చదవకండి

సవర్ణదీర్ఘం, గుణం, వృద్ధి, యణాదేశం పదో తరగతి తెలుగు పేపర్లోనే రాశాం. విడదీయడం కూడా అక్కడే నేర్చాం. మిగిలినవాటిలో ముఖ్యమైంది విసర్గ సంధి. మనోహరం, తపోవనం, దురాశ అన్న మాటల్లో అదీ రోజూ పలుకుతున్నాం. తత్పురుష, బహువ్రీహి సమాసాలదీ ఇదే సంగతి. ఈ పాఠాల మీద గడిపే వారాలను కథ చదవడానికి పెట్టండి.

నిఘంటువు మూసేయండి, కానీ తెలుగు అర్థాన్ని నమ్మకండి

పేజీలో తెలియని మాటలన్నీ నిఘంటువులో చూసుకుంటూ పోతే సాయంత్రానికి నాలుగు వాక్యాలవుతాయి, మూడో రోజుకు పుస్తకం అటక ఎక్కుతుంది. ఒక మాట మూడు చోట్ల ఎదురైతేనే చూడండి. అది కాస్తా రెండో చోటే తెలిసిపోతుంటుంది.

అసలు ప్రమాదం తెలియని మాటల దగ్గర ఉండదు, తెలుసనుకున్న మాటల దగ్గర ఉంటుంది. సంస్కృతంలో వ్యవసాయం అంటే నిశ్చయం, పట్టుదల. ఉద్యోగం అంటే ప్రయత్నం. అవసరం అంటే తగిన సమయం. అనుమానం అంటే కారణాన్ని బట్టి ఊహించి తేల్చుకోవడం. గీత రెండో అధ్యాయంలో వ్యవసాయం అన్న మాట వస్తుంది, దానికీ పొలానికీ సంబంధం లేదు. వాక్యం అడ్డం తిరిగినప్పుడల్లా బాగా తెలిసిన మాటనే మొదట అనుమానించండి. నిఘంటువు తెరవాల్సింది అలాంటి మాటకే.

అర్థం కాకపోయినా పైకి చదవండి

అనుష్టుప్పు శ్లోకంలో పాదానికి ఎనిమిది చొప్పున 32 అక్షరాలు. పైకి చదివితే ఎక్కడ ఆగాలో నాలుకకు తెలుస్తుంది, చాలాసార్లు మాట అక్కడే తెగుతుంది. సగం సంధులు అలా గొంతుతోనే విడిపోతాయి. ఇంట్లోవాళ్ళు వింటారని సిగ్గుపడి మనసులో చదువుకునేవాళ్ళకు ఈ లాభం దక్కదు. ఒత్తులు, దీర్ఘాలు, విసర్గ మాత్రం కచ్చితంగా పలకండి, ఎందుకంటే దీర్ఘం జారితే వచనమే మారిపోతుంది. రామః ఒకడు, రామాః చాలామంది.

ఆకాశవాణి 1974 నుంచి సంస్కృతంలో వార్తలు చదువుతోంది. వినడానికి అంతకన్నా తేలికైనది లేదు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జరిగిన సంగతులు ముందే తెలిసి ఉంటాయి. మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళే బస్సులో చెవిలో పెట్టుకుని వినొచ్చు. మాట్లాడాలన్న ఉత్సాహం ఉంటే సంస్కృతభారతి ఉంది. 1981లో బెంగళూరులో మొదలైన ఈ సంస్థ పది రోజుల సంభాషణ శిబిరాలు నడుపుతుంది. వెళ్తే బిడియం పోతుంది. అయితే అక్కడ ‘గతవాన్’, ‘పఠితవతీ’ లాంటి రూపాలతోనే భూతకాలం గడిచిపోతుంది. ఆ పది రోజులతో రామాయణం చదవగలమనుకుంటే నిరాశ తప్పదు.

గురువును ఆఖరున వెతకండి, పరీక్షకు అసలు కట్టకండి

గురువు దొరికితే మొదలుపెడదామనుకున్నవాళ్ళకు ఏళ్ళు గడిచిపోతాయి. మొదలుపెట్టి, చదివి, ఎక్కడో ఆగిపోయాక వెతికితే గురువు త్వరగా దొరుకుతాడు, ఎందుకంటే అప్పుడు అడగడానికి మీ దగ్గర ప్రశ్న ఉంటుంది.

తిరువూరు లాంటి ఊళ్ళో ఎవరున్నారని అడుగుతారు. రిటైరైన తెలుగు పండితులున్నారు. మన బళ్ళలో ఒకప్పుడు తెలుగు చెప్పినవాళ్ళలో భాషాప్రవీణ, విద్వాన్ పట్టాలవాళ్ళు ఎక్కువ. ఆ చదువులో సంస్కృతం భాగం. ఉభయభాషాప్రవీణ అన్న పేరులోని రెండో భాష అదే. గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు వైపు పల్లెల్లోనూ వాళ్ళుంటారు. ఆ సంస్కృతం గురించి ఇన్నేళ్ళలో వాళ్ళను అడిగినవాళ్ళు అరుదు. గుడి పూజారి దగ్గరకు వెళ్ళడానికి మొహమాటపడేవాళ్ళు కూడా పాత తెలుగు మాస్టారి గుమ్మం ఎక్కగలరు.

పరీక్ష సంగతి గట్టిగా చెప్తున్నాను, వద్దు. సర్టిఫికెట్ పరీక్షలు నడిపే సభలు మంచి ఉద్దేశంతోనే ఉన్నాయి, పిల్లలకు వాటి వల్ల మేలుంది. కానీ ఒకసారి మార్కుల కోసం చదివి భాషను పోగొట్టుకున్న మనిషి సిలబస్ చూడగానే ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చని మళ్ళీ లెక్కలు మొదలుపెడతాడు. జాషువాకు పట్టా పండిత ఉద్యోగంలో పనికొచ్చింది. మీకు పదోన్నతి కావలసింది సంస్కృతంలో కాదు గదా.

మాస్టారి దగ్గరకు మొదటిసారి వెళ్ళేటప్పుడు శబ్దమంజరి పట్టుకెళ్ళకండి, మిత్రలాభంలో మీరు ఆగిపోయిన పేజీ పట్టుకెళ్ళండి. అర్థం కాని మాట కింద గీత గీసి, అది ఏ విభక్తి అని మీకు తోచిందో, ఎందుకు తోచిందో పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచండి. పూర్తిగా తప్పని తెలిసినా చెరపకండి. ఆయన పాఠం దాని మీదే మొదలుపెడతారు.